విదేశీ ప్రయాణాలతో కరోనా ఎలా పాకింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో కొత్త వేరియంట్ వచ్చిందని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, పాత సందేహాలన్నీ మళ్లీ తిరిగొస్తాయి. "ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటే అయిపోయేదిగా?", "విమానాలు ముందే ఆపేసి ఉంటే మనదాకా వచ్చేదే కాదు", "అంతా ఫారిన్ నుంచి వచ్చినవాళ్ల వల్లే". పిల్లలు అమెరికాలోనో, ఇంటాయన కువైట్‌లోనో ఉన్న ఇళ్లలో ఈ మాటల వెనక ఉన్న టెన్షన్ చిన్నది కాదు. అందుకే 2020 నుంచి జరిగినదంతా దగ్గర పెట్టుకుని జవాబులు ఒకచోట చేర్చాను. ప్రయాణం సాగే వరుసలోనే ప్రశ్నలు ఉంటాయి. ఏ జవాబుకి ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది కాబట్టి, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట్లో: వుహాన్ నుంచి మన ఊరిదాకా

చైనాలో ఒక ఊళ్లో మొదలైన జబ్బు రెండు నెలల్లో ప్రపంచమంతా ఎలా పాకింది?

వుహాన్ చిన్న పట్నం కాదు. కోటి మందికి పైగా జనం ఉన్న నగరం, చైనా నలుమూలల రైళ్లు కలిసే జంక్షన్, విదేశాలకి నేరుగా విమానాలున్న చోటు. 2020 జనవరి 23న ఆ నగరాన్ని మూసేశారు. అప్పటికి చైనీయుల కొత్త సంవత్సరం సెలవులు దగ్గరపడ్డాయి, మూసేలోపే దాదాపు 50 లక్షల మంది ఊరు దాటేశారని ఆ నగర మేయరే చెప్పారు. చైనా బయట మొదటి కేసు జనవరి 13నే థాయ్‌లాండ్‌లో బయటపడింది, ఆమె వుహాన్ నుంచి వచ్చిన ప్రయాణికురాలు. మరో వారం తిరిగేసరికి జపాన్, దక్షిణ కొరియా, అమెరికా ఆ జాబితాలో చేరాయి.

ఫిబ్రవరి చివరికల్లా వైరస్ బయల్దేరే చోటు మారిపోయిన సంగతి మాత్రం చాలామంది గమనించలేదు. అందరి కళ్లూ చైనా విమానాల మీద ఉన్నప్పుడు ఉత్తర ఇటలీలో కేసులు పెరిగిపోయాయి. ఆస్ట్రియాలో ఇష్గల్ అనే మంచు ఆటల ఊరికి సెలవులకి వెళ్లినవాళ్లు జర్మనీకి, డెన్మార్క్‌కి, నార్వేకి, ఐస్‌లాండ్‌కి జబ్బు మోసుకెళ్లారు. తమవాళ్లు వరసగా పాజిటివ్ వస్తుంటే ఐస్‌లాండ్ మార్చి 5నే ఆ ఊరిని ప్రమాదకర ప్రాంతాల జాబితాలో పెట్టింది. న్యూయార్క్‌లో మొదట్లో పాకిన వైరస్‌లోనూ ఎక్కువ భాగం యూరప్ నుంచి వచ్చిందేనని జన్యు పరీక్షల్లో తేలింది.

మన దేశంలో మొదటి కేసు జనవరిలోనే దొరికింది కదా, అక్కడే ఎందుకు ఆగలేదు?

ఆ కేసు అక్కడే ఆగింది! 2020 జనవరి 30న కేరళలోని త్రిశూర్‌లో వుహాన్ నుంచి వచ్చిన వైద్య విద్యార్థినికి పాజిటివ్ వచ్చింది. మరో నాలుగు రోజుల్లో ఆలప్పుళలో ఒకరికి, కాసరగోడ్‌లో ఒకరికి. ముగ్గురూ వుహాన్‌లో చదువుకునేవాళ్లే, ముగ్గురూ కోలుకున్నారు, వాళ్ల నుంచి జబ్బు పాకినట్టు బయటపడలేదు. వుహాన్ పేరు అప్పటికే తెలుసు కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లని వెతికి మరీ విడిగా ఉంచారు.

ఆ తర్వాత నెల రోజుల పాటు దేశంలో కొత్త కేసు లేదు. అంతా బాగుందనుకున్న ఆ నెలలోనే, స్క్రీనింగ్ చేసే దేశాల జాబితాలో లేని చోట్ల నుంచి వైరస్ లోపలికి వచ్చింది. మార్చి 2న ఢిల్లీలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి బయటపడ్డాయి. ఢిల్లీ వ్యక్తి ఇటలీ వెళ్లొచ్చారు.

హైదరాబాద్‌కి దుబాయ్ నుంచి ఎలా వచ్చింది? అప్పటికి దుబాయ్‌లో అంతగా లేదుగా?

నిజమే, లేదు. తెలంగాణలో మొదటి కేసుగా నమోదైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆఫీసు పని మీద దుబాయ్ వెళ్లారు. అక్కడ హాంకాంగ్ నుంచి వచ్చిన సహోద్యోగులతో కలిసి పనిచేశారు. బెంగళూరులో దిగి, తర్వాత బస్సులో హైదరాబాద్ వచ్చారు. జ్వరం ముదిరాక చివరికి గాంధీ ఆసుపత్రికి చేరారు.

దుబాయ్, దోహా, సింగపూర్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల ఏ దేశం మనిషి ఏ దేశం మనిషి పక్కన కూర్చుంటాడో చెప్పలేం. "ఏ దేశం నుంచి వచ్చారు?" అన్న ఒక్క ప్రశ్నతో స్క్రీనింగ్ చేస్తే ఇలాంటి ప్రయాణం కంటికి ఆనదు. మన దగ్గర మార్చి 4న గానీ విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులందరికీ స్క్రీనింగ్ మొదలు కాలేదు.

ఆంధ్రాలో మొదటి కేసు నెల్లూరులో ఎందుకొచ్చింది?

నెల్లూరు ప్రత్యేకత ఏమీ లేదు. ఇటలీలో చదువుకుంటున్న విద్యార్థి ఇంటికి వచ్చాడు, 2020 మార్చి 12న పాజిటివ్ అని తేలింది. అక్కడ కాలేజీలు మూతపడుతున్నాయి, ఇక్కడ అమ్మానాన్నలు ఫోన్లు చేసి వచ్చేయమంటున్నారు. ఆ వారాల్లో యూరప్‌లో ఉన్న మన పిల్లలందరిదీ అదే పరిస్థితి. అలా వచ్చినవాళ్లలో ముందు బయటపడిన కేసు నెల్లూరుది, అంతే.

కరీంనగర్‌లో ఒకేసారి అన్ని కేసులు వచ్చాయి. అదేమిటి?

ఇండొనేసియా నుంచి మత ప్రచారం కోసం వచ్చిన బృందం ఢిల్లీలో దిగి, మార్చి 13న సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామగుండంలో దిగింది. అక్కడి నుంచి కరీంనగర్ వెళ్లారు. కొద్ది రోజుల్లోనే వాళ్లలో వరసగా పాజిటివ్‌లు వచ్చాయి. అధికారులు ఆ బృందం తిరిగిన చోట్లు మూసేసి, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశారు.

ఆ రోజుల్లో దీన్ని మతం గొడవగా మార్చి మాట్లాడినవాళ్లు ఉన్నారు. అది తప్పు, అన్యాయం. వైరస్ మోసుకొచ్చినవాళ్లలో విద్యార్థులున్నారు, టూరిస్టులున్నారు, ఇంజనీర్లున్నారు, భక్తులున్నారు. ఈ సంఘటన నుంచి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. విదేశీ ప్రయాణం ఎయిర్‌పోర్టుతో అయిపోదు. ఆ తర్వాత రైలు, ఆటో, బస, భోజనం ఉంటాయి. ఇన్ఫెక్షన్ అంటుకునే అవకాశం అక్కడ చాలా ఎక్కువ.

ఏ దేశం నుంచి వచ్చిన వైరస్సో ఎలా చెప్పగలుగుతారు?

వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకేటప్పుడు దాని జన్యువులో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. ఆ మార్పులని పోల్చి చూస్తే ఏది ఏ గుంపుకి దగ్గరో తెలుస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2020 వేసవిలో ఈ పని చేశారు. అప్పటికి మన దేశంలో చదివిన నమూనాల్లో 41 శాతం ఏ3ఐ అనే ప్రత్యేకమైన గుంపువి. తెలంగాణ, తమిళనాడు, మహారాష్ట్ర, ఢిల్లీల్లో అది ఎక్కువగా కనిపించింది. ఒకే చోటి నుంచి వచ్చి దేశమంతా పాకి ఉంటుందని, బహుశా ఆగ్నేయాసియా నుంచి వచ్చిందని వాళ్ల అంచనా. తర్వాత కొన్ని నెలల్లో యూరప్‌లో బలపడిన మరో గుంపు దాన్ని వెనక్కి నెట్టేసింది.

## విమానంలో

విమానంలో అందరూ అదే గాలి పీలుస్తారు కదా, ఒక్కరికి ఉంటే అందరికీ వచ్చేస్తుందా?

రాదు. పెద్ద విమానాల్లో గాలి గంటకి 20 నుంచి 30 సార్లు మారుతుంది. తిరిగి వాడే గాలి, చాలా సన్నటి కణాలని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ల గుండా వెళ్తుంది. పైనుంచి వచ్చిన గాలి దాదాపు అదే వరస దగ్గర కిందికి పోతుంది కాబట్టి, మీకు 30 వరసల అవతల దగ్గినవాళ్ల గురించి భయపడక్కర్లేదు. భయపడాల్సింది పక్క సీటు, ముందు వెనక వరసల గురించే.

అలాగని పూర్తిగా ధీమాగా ఉండటానికీ లేదు. 2020 మార్చి 1న లండన్ నుంచి హనోయ్‌కి బయల్దేరిన విమానంలో, దగ్గు ఉన్న ఒక ప్రయాణికురాలి నుంచి మరో 15 మందికి అంటుకుంది. వాళ్లలో 12 మంది ఆమె కూర్చున్న బిజినెస్ క్లాస్‌వాళ్లే. పది గంటల ప్రయాణం, అప్పటికి మాస్కు తప్పనిసరి కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో దుబాయ్ నుంచి ఆక్లండ్ వెళ్లిన విమానంలో 86 మంది ఉన్నారు, న్యూజిలాండ్ క్వారంటైన్‌లో ఏడుగురికి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో కనీసం నలుగురికి విమానంలోనే సోకిందని జన్యు పరీక్షలతో తేల్చారు. ఆ విమానం ఇంధనం కోసం కౌలాలంపూర్‌లో ఆగినప్పుడు దాదాపు అరగంట పాటు లోపల గాలి ఆడే యంత్రం ఆపేసి ఉంది. విమానం నేల మీద ఆగి ఉండి, ఏసీ ఆగి, అందరూ లేచి నిలబడి బ్యాగులు దింపుకునే ఆ పది ఇరవై నిమిషాలే నా లెక్కలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. అప్పుడు మాస్కు తీయకండి.

ఎక్కేముందు నెగెటివ్, దిగాక పాజిటివ్. ల్యాబ్‌వాళ్లు మోసం చేశారా?

చాలాసార్లు మోసం ఉండదు. వైరస్ ఒంట్లోకి చేరిన మొదటి రెండు మూడు రోజులు ముక్కులో దాని మోతాదు చాలా తక్కువ, ఆర్‌టీ-పీసీఆర్‌కి కూడా దొరకదు. ప్రయాణానికి 72 గంటల ముందు శాంపిల్ ఇచ్చి, ఆ తర్వాత బంధువుల ఇళ్లకి వెళ్లి వీడ్కోలు భోజనాలు చేసి ఎక్కితే, చేతిలో ఉన్న కాగితం మూడు రోజుల కిందటి సంగతే చెబుతుంది.

దొంగ సర్టిఫికెట్లూ ఉండేవి, అది వేరే సమస్య. 2021 ఏప్రిల్ 4న ఢిల్లీ నుంచి హాంకాంగ్ వెళ్లిన ఒక విమానంలో దాదాపు 50 మందికి అక్కడి క్వారంటైన్‌లో పాజిటివ్ వచ్చింది. ఎక్కేముందు నెగెటివ్ రిపోర్టు చూపించడం అప్పుడు తప్పనిసరే. మన దగ్గర రెండో వేవ్ లేస్తున్న రోజులవి.

విమానం కన్నా రైలు, బస్సు మంచివా?

ఎంతసేపు, ఎంత దగ్గరగా, గాలి ఎలా ఆడుతోంది అన్నవే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడులో కాంటాక్ట్ ట్రేసింగ్ (జబ్బు వచ్చినవాళ్లని కలిసినవాళ్లని వెతకడం) వివరాలతో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లలో సుమారు 9 శాతానికి అంటుకుంటే, ఒకే వాహనంలో ఆరు గంటలకి మించి దగ్గరగా కూర్చున్నవాళ్లలో దాదాపు 79 శాతానికి అంటుకుంది. ఆ రెండో లెక్క 78 మందికి సంబంధించినదే కాబట్టి ఆ శాతాన్ని రాయి మీద గీతగా తీసుకోకూడదు. అయినా శంషాబాద్‌లో దిగి కిటికీలు తెరుచుకోని ఏసీ బస్సులో రాత్రంతా ఊరికి వెళ్లడం ఎంత ప్రమాదమో అర్థం చేసుకోవడానికి అది చాలు. తీసుకెళ్లడానికి ఇంటి నుంచి కారు వస్తే కిటికీలు దింపి వెళ్లండి.

## ఎయిర్‌పోర్టులో

అందరికీ థర్మల్ స్క్రీనింగ్ చేశారు కదా, ఎలా తప్పించుకున్నారు?

చాలామంది తప్పించుకోలేదు, వాళ్లకి ఆ సమయానికి జ్వరమే లేదు. థర్మల్ కెమెరా చర్మం వేడిని చూస్తుంది, వైరస్‌ని చూడలేదు. మొదటి రకం వైరస్‌లో సోకిన రోజు నుంచి లక్షణాలు కనిపించేదాకా సగటున ఐదు రోజులు, కొందరికి 14 రోజుల దాకా పట్టేది. విమానం ఎంత దూరం వెళ్లినా ఒక రోజులో దింపేస్తుంది. అంటే సోకిన మనిషి హాయిగా నవ్వుతూ లగేజీ తోసుకుంటూ బయటికి వచ్చే అవకాశమే ఎక్కువ. పైగా లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే ఎదుటివాళ్లకి అంటించగలరు.

జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో ఇది కళ్లకి కట్టినట్టు తెలిసింది. 3,711 మందిలో 712 మందికి సోకింది, వాళ్లలో దాదాపు సగం మందికి టెస్టు చేసేనాటికి ఏ లక్షణమూ లేదు. మనవాళ్లూ ఆ ఓడలో సిబ్బందిగా, ప్రయాణికులుగా ఉన్నారు. నెగెటివ్ వచ్చినవాళ్లని 2020 ఫిబ్రవరి 27న విమానంలో ఢిల్లీ తీసుకొచ్చి క్వారంటైన్‌లో ఉంచారు.

పారాసిటమాల్ వేసుకుని దిగినవాళ్లు ఉన్నారట, నిజమేనా?

జ్వరం మాత్ర వేసుకుంటే నాలుగైదు గంటలు ఒళ్లు చల్లగా ఉంటుంది, కెమెరా పట్టుకోలేదు. అలా చేసినవాళ్లు ఉన్నారు. క్వారంటైన్‌లో పడేస్తారన్న భయం, ఇంటికి చేరితే చాలన్న ఆత్రం వాళ్ల చేత ఆ పని చేయించాయి. ఆ భయాన్ని అర్థం చేసుకోగలను గానీ ఆ పనిని సమర్థించలేను. ఇంటికి చేరాక మొదట ఒళ్లో కూర్చునేది మనవడు, కాళ్లు పట్టి చూసేది అమ్మ.

అందరికీ దిగగానే టెస్ట్ చేసి ఉంటే సరిపోయేదా?

కొంత మేలు జరిగేది, పూర్తిగా ఆగేది కాదు. 2021 నవంబర్ చివర్లో ఐర్లండ్ నుంచి ముంబైలో దిగిన ప్రయాణికుడికి అక్కడ నెగెటివ్ వచ్చింది. విశాఖ మీదుగా విజయనగరం చేరాక మళ్లీ టెస్టు చేస్తే పాజిటివ్ వచ్చింది, డిసెంబర్ 12న అదే ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఒమిక్రాన్ కేసుగా తేలింది. ఎయిర్‌పోర్టుతో వదిలేయకుండా జిల్లాలో మళ్లీ పిలిచి టెస్టు చేశారు కాబట్టే అది దొరికింది. ఆ పని చేసిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వలంటీర్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. తలుపు కొడితే తిట్టినవాళ్లే ఎక్కువ.

## ఇంటికి చేరాక

14 రోజులు అని ఎందుకు పెట్టారు? ఏడు రోజులు చాలవా?

సోకినవాళ్లలో దాదాపు అందరికీ 14 రోజుల లోపే లక్షణాలు బయటపడతాయి, అందుకే ఆ లెక్క. ఎక్కువమందికి మొదటి వారంలోనే తేలిపోతుంది. 2020 మే నెలాఖరు నుంచి మన దేశంలో ఏడు రోజులు సొంత ఖర్చుతో హోటల్‌లోనో కేంద్రంలోనో, మరో ఏడు రోజులు ఇంట్లో అని మార్చారు. ఒమిక్రాన్‌కి వచ్చేసరికి లక్షణాలు మూడు రోజుల్లోనే కనిపించడం మొదలైంది, అందుకే గడువులు తగ్గించారు.

హోం క్వారంటైన్ అన్నారు, మాది రెండు గదుల ఇల్లు, ఒకటే బాత్రూమ్. ఎలా కుదురుతుంది?

చాలా ఇళ్ల పరిస్థితి ఇదే, రూలు రాసినవాళ్లు అది ఆలోచించలేదు. ఆ ఇళ్లలో పనిచేసిన పద్ధతి చెబుతాను. కిటికీ ఉన్న గది ప్రయాణం చేసి వచ్చిన మనిషికి ఇచ్చి, ఆ కిటికీ రాత్రీ పగలూ తెరిచి ఉంచడం. తలుపు పక్కన ఒక స్టూలు వేసి, కంచం అక్కడ పెట్టి వెనక్కి జరగడం. ఆ కంచం, గ్లాసు ఆ మనిషే కడుక్కోవడం. బాత్రూమ్ అందరికన్నా చివర వాడటం, వాడాక తలుపు మూయకుండా వెంటిలేటర్ తెరిచి అరగంట వదిలేయడం. గది బయటికి వచ్చినప్పుడల్లా ఇద్దరికీ మాస్కు. వానాకాలం కాకపోతే వరండాలోనో డాబా మీదో మంచం వేయడం ఇంకా మేలు, ఆరుబయట గాలిలో వైరస్ నిలవదు. ముసలివాళ్లు ఉంటే ఆ వారం పాటు వాళ్లనే పక్కింటికో కూతురింటికో పంపించిన కుటుంబాలు మంచి పని చేశాయి.

చేతి మీద స్టాంపు వేసింది అవమానించడానికా?

ఎదుటివాళ్లకి తెలియడానికి, ఆ మనిషికి తారీఖు గుర్తుండటానికి వేశారు. మహారాష్ట్ర 2020 మార్చి 16న ఈ నిర్ణయం తీసుకుంది, తర్వాత తెలంగాణతో సహా వేరే రాష్ట్రాలూ మొదలుపెట్టాయి. ఓట్లప్పుడు వేలికి పెట్టే సిరాలాంటిది, త్వరగా పోదు. ఆ వారంలోనే బెంగళూరు-ఢిల్లీ రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో ఒకాయన చేతులు కడుక్కుంటుంటే తోటి ప్రయాణికుడికి ఆ ముద్ర కనిపించింది. ఆ దంపతులని కాజీపేటలో దింపేసి, బోగీ శుభ్రం చేసి తాళం వేశారు. ముద్ర వేసి "ఇంటికి వెళ్లు" అనడమే తప్ప, ఇల్లు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎలా వెళ్లాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

గల్ఫ్ నుంచి వచ్చిన మా బావని ఊళ్లోకి రానివ్వలేదు. తప్పు ఆయనదా?

కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి, అటు కడప, గోదావరి జిల్లాల నుంచి వేల కుటుంబాలు గల్ఫ్ జీతాల మీదే బతుకుతున్నాయి. 2020లో అక్కడ పనులు ఆగిపోయాయి. ఒకే గదిలో ఎనిమిది పది మంది ఉండే లేబర్ క్యాంపుల్లో జబ్బు పాకింది. ఇటు విమానాలు లేవు. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లని విమానాల్లో తీసుకొచ్చే వందే భారత్ మిషన్ మే 7న మొదలై, మే 9న కువైట్ నుంచి హైదరాబాద్‌కి విమానం వచ్చింది. టికెట్టు డబ్బులు, క్వారంటైన్ డబ్బులు అప్పు చేసి కట్టుకుని దిగిన మనిషిని ఊరి పొలిమేరలో కంప అడ్డం పెట్టి ఆపడం మనం చేసిన పాపాల్లో ఒకటి.

అలా వెలేస్తే జబ్బూ ఆగదు. ఊళ్లో ఏం చేస్తారోనన్న భయం ఉన్నవాడు ప్రయాణం సంగతి దాస్తాడు, దగ్గు వచ్చినా చెప్పడు. ఇళ్ల గోడల మీద పోస్టర్లు అంటించడం కూడా అలాంటిదే. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించకూడదని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

## సరిహద్దులు మూసినప్పుడు

జనవరిలోనే విమానాలన్నీ ఆపేసి ఉంటే కరోనా వచ్చేదే కాదా?

ఆలస్యంగా వచ్చేది. వుహాన్ మూసివేత మీద సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, చైనా లోపల అది జబ్బుని మూడు నుంచి ఐదు రోజులే ఆలస్యం చేసింది. బయటి దేశాలకి వెళ్లే కేసులని మాత్రం ఫిబ్రవరి మధ్యదాకా దాదాపు 80 శాతం తగ్గించింది. అంటే బయటి దేశాలకి కొన్ని వారాల వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలో మాస్కులు, పడకలు, టెస్ట్ కిట్లు సిద్ధం చేసుకున్న దేశాలకి లాభం, ఊరికే కూర్చున్న దేశాలకి నష్టం.

న్యూజిలాండ్ లాంటి దీవులు సరిహద్దు మూసి, వచ్చిన ప్రతి ఒక్కరినీ హోటల్‌లో క్వారంటైన్ చేసి చాలా కాలం నెట్టుకొచ్చాయి. కోట్ల మంది బయటి దేశాల్లో పనిచేసే మన దేశానికి ఆ దారి పట్టడం కష్టం. మన దేశం మార్చి 13 నుంచి వీసాలు ఆపింది, 22 అర్ధరాత్రి నుంచి అంతర్జాతీయ విమానాలు ఆపింది. అప్పటికే వైరస్ లోపల ఉంది.

బ్యాన్ అని ప్రకటించగానే జనం ఇంకా ఎగబడ్డారు. అది మేలా, కీడా?

హడావుడిగా ప్రకటిస్తే కీడే. 2020 మార్చిలో యూరప్ ప్రయాణాల మీద అమెరికా ఆంక్షలు పెట్టగానే షికాగో ఎయిర్‌పోర్టులో జనం గంటల తరబడి ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మన పిల్లలకీ ఇదే జరిగింది. ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివేవాళ్లు ఇంటికి బయల్దేరి కౌలాలంపూర్ చేరేసరికి, మార్చి 17న ఆ దేశాల నుంచి విమానాలని మన ప్రభుత్వం ఆపేసింది. రాత్రంతా ట్రాన్సిట్ హాల్లో నేల మీద పడుకున్నారు. మర్నాడు ప్రత్యేకంగా అనుమతిస్తే విశాఖకి, ఢిల్లీకి విమానాలు వచ్చాయి.

మన దగ్గరి నుంచి వేరే దేశాలకి పోలేదా?

పోయింది. మహారాష్ట్రలో మొదట కనిపించి డెల్టాగా పేరుపడిన వేరియంట్ మన ప్రయాణికులతోనే బ్రిటన్‌కి, ఎన్నో దేశాలకి చేరింది. 2021 ఏప్రిల్ 20 నుంచి హాంకాంగ్ మన విమానాలు ఆపింది, 23న బ్రిటన్ మన దేశాన్ని రెడ్ లిస్టులో, అంటే ప్రయాణ ఆంక్షలున్న దేశాల జాబితాలో పెట్టింది. మే మొదట్లో ఆస్ట్రేలియా ఇక్కడున్న సొంత పౌరులని కూడా రానివ్వకుండా, వస్తే జైలు తప్పదని హెచ్చరించింది. అప్పుడు మనకి ఎంత బాధ కలిగిందో గుర్తుంటే, వేరే దేశం పేరు పెట్టి వైరస్‌ని పిలవడం మానేస్తాం.

ఒమిక్రాన్ అప్పుడు వెంటనే ఆంక్షలు పెట్టారుగా, ఎందుకు పనిచేయలేదు?

2021 నవంబర్ 24న దక్షిణాఫ్రికా నిజాయితీగా ప్రపంచానికి చెప్పింది, రెండు రోజుల్లోనే చాలా దేశాలు ఆ ప్రాంతపు విమానాలు ఆపేశాయి. కానీ నవంబర్ 19న తీసిన శాంపిల్‌లోనే నెదర్లాండ్స్‌లో అది ఉందని తర్వాత తేలింది. మన దేశంలో మొదటి రెండు కేసులు డిసెంబర్ 2న బెంగళూరులో ప్రకటించారు. ఒకరు దక్షిణాఫ్రికా నుంచి వచ్చారు, రెండో ఆయన డాక్టర్, ఎక్కడికీ ప్రయాణం చేయలేదు. ఆ రెండో కేసుతోనే తెలిసిపోయింది, అది అప్పటికే ఊళ్లో తిరుగుతోందని. నిజం ముందు చెప్పిన దేశాన్నే శిక్షిస్తే, రేపు ఇంకో దేశం చెప్పడానికి వెనకాడుతుంది. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే.

## ఇప్పుడు ప్రయాణం చేసేవాళ్లకి

ఇప్పుడు విదేశాలకి వెళ్లాలంటే టెస్టు, వ్యాక్సిన్ సర్టిఫికెట్ కావాలా?

చాలా దేశాలు అడగడం మానేశాయి. అమెరికా 2023 మేలో వ్యాక్సిన్ నిబంధన తీసేసింది. మన దేశంలో ప్రయాణికులు ఆన్‌లైన్‌లో ఆరోగ్య వివరాలు నింపే ఎయిర్ సువిధ ఫారం 2022 నవంబర్‌తో, దిగినవాళ్లలో 2 శాతం మందికి చేసే టెస్టులు 2023 జులైతో ఆగిపోయాయి. కొత్త వేరియంట్ వస్తే రూల్స్ రాత్రికి రాత్రి మారతాయి. వాట్సాప్ ఫార్వర్డులు కాకుండా ఎయిర్‌లైన్ సైటు, వెళ్లే దేశపు ఎంబసీ సైటు బయల్దేరే వారంలో చూసుకోండి.

రేపు ఫ్లైట్, ఇవాళ జ్వరం, దగ్గు. ఏం చేయాలి?

కుదిరితే తేదీ మార్చుకోండి. మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టేదాకా ఇంట్లోనే ఉండటం, ఆ తర్వాత ఐదు రోజులు మాస్కుతో జాగ్రత్తగా ఉండటం అన్నది ఇప్పుడు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇస్తున్న సలహా. టికెట్టు డబ్బులు పోతాయన్న బాధ నిజమే. అందుకే బుక్ చేసేటప్పుడే తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు తీసుకోండి.

అమ్మానాన్న మొదటిసారి అమెరికా వస్తున్నారు, ఇద్దరికీ 65 దాటాయి. భయమేస్తోంది.

వాళ్లకి ఎన్-95 మాస్కులు నాలుగైదు ఇచ్చి, ఎయిర్‌పోర్టు క్యూలో, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తప్పక పెట్టుకోమనండి. భోజనం పక్కవాళ్లు ముగించాక చేయమనండి. కనెక్షన్ ఫ్లైట్ మధ్య జనం లేని గేటు దగ్గర కూర్చోమనండి. షుగరు, బీపీ మందులు చేతి సంచిలోనే ఉండాలి. బయల్దేరే ముందు డాక్టర్‌ని అడిగి బూస్టర్ అవసరమో కాదో తేల్చుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం చదివి కొనండి. వాళ్లు దిగిన వారం మీ ఇంట్లో పార్టీలు పెట్టకండి.

ఎయిర్‌పోర్టుల్లో ఇప్పటికీ వైరస్‌ని ఎవరైనా గమనిస్తున్నారా?

గమనించే పద్ధతి మారింది. అమెరికాలో సీడీసీ 2021 సెప్టెంబర్‌లో స్వచ్ఛందంగా ముక్కు శాంపిల్ ఇచ్చే ప్రయాణికులతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట తీసుకున్నది మన దేశం నుంచి వచ్చే విమానాల ప్రయాణికుల శాంపిళ్లే. ఆ దేశంలో ఒమిక్రాన్‌లోని బీఏ.2, బీఏ.3 రకాలని మొదట పట్టుకుంది అదే. తర్వాత విమానాల టాయిలెట్ల మురుగునీటిని పరీక్షించడమూ మొదలైంది. ఒక్క శాంపిల్‌తో విమానమంతా ఏ వేరియంట్ ఉందో తెలుస్తుంది, ఎవరి పేరూ అక్కర్లేదు, ఎవరినీ ఆపక్కర్లేదు. మన దేశంలో జన్యు పరీక్షల పని 2020 డిసెంబర్‌లో ఏర్పడిన ఇన్సాకాగ్ అనే ల్యాబుల కూటమి చూసింది, హైదరాబాద్ సీసీఎంబీ ఆ ల్యాబుల్లో ఒకటి. దిగినప్పుడు ఎవరైనా శాంపిల్ ఇస్తారా అని అడిగితే ఇవ్వండి. రెండు నిమిషాల పని, ఫలితం కోసం మిమ్మల్ని అక్కడ నిలబెట్టరు.